అమ్మమ్మ కత్తిపీటలో అతుకుందా? (ప్రాజెక్టు డైరీ)

జూన్ 8, ఆదివారం

అమ్మమ్మ కత్తిపీట కిందపడి కొస విరిగింది. కొబ్బరి కోరు ఉన్న ముక్క ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. పీట చెక్క పుచ్చిపోతే ఇప్పటికి రెండుసార్లు మార్పించాం, కత్తి మాత్రం అదే. అమ్మ లెక్క ప్రకారం దానికి 60 ఏళ్లు దాటాయి. ఇంట్లో కొత్త స్టెయిన్‌లెస్ కత్తిపీట ఉన్నా, చేప కోయాలన్నా గుమ్మడికాయ కొట్టాలన్నా అమ్మ చెయ్యి పాతదాని మీదికే పోతుంది.

"అది ఒట్టి ఇనుము కాదురా. మీ తాతయ్య కొలిమి దగ్గర కూర్చుని, ఇనప కత్తికి ఉక్కు అతికించి మరీ చేయించాడు" అంది.

ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నా. పాత కమ్మరులు అలా చేసేవాళ్లన్నదీ నిజమే. ఉక్కు ఖరీదు, ఇనుము చవక. అందుకని ఒళ్లంతా మెత్తటి ఇనుముతో చేసి, కోసే అంచుకు మాత్రం ఉక్కు పట్టీ పెట్టి, తెల్లగా కాల్చి సమ్మెటతో కొట్టి అతికేవాళ్లు. నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపుంది. రోజంతా ఇనుము కోస్తా, తొలుస్తా, అరగదీస్తా. దాని లోపల ఏముంటుందో ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. అతుకే ఉంటే, ముక్కను అడ్డంగా కోసి, అద్దంలా చేసి మైక్రోస్కోపు కింద పెడితే కనపడి తీరాలి.

బావగారు పాలిటెక్నిక్‌లో మెటలర్జీ చెబుతారు. ఫోన్ చేశా. "చూడ్డం రెండు నిమిషాల పని. చూడటానికి పనికొచ్చేలా చెయ్యడానికే నెల పడుతుంది నీకు" అన్నారు. పందెం కాద్దామనుకున్నా. కాయకపోవడమే మంచిదైంది.

పడుకునే ముందు విరిగిన ముక్క మీద ఆకురాయి పెట్టి చూశా. వీపు వైపు పట్టి పొడి రాల్చింది. అంచు వైపు గాజు మీద జారినట్టు జారిపోయింది. రెండు వైపులా ఒకటే లోహమైతే ఇలా ఎందుకుంటుంది? అమ్మ మాటే నిజమనిపించింది.

జూన్ 10, మంగళవారం

మొదటి తప్పు మొదటి రోజే. ముక్క పొడవు 40 మిల్లీమీటర్లు, వెడల్పు 18, మందం 3. వైస్‌కి బిగించి యాంగిల్ గ్రైండర్‌తో కోశా. పావు నిమిషంలో తెగింది. తెగిన చోట పక్కనే నెమలికంఠం రంగు తిరిగింది.

ఆ రంగు చూస్తే మా షాపులో కుర్రాడికి కూడా తెలుస్తుంది. ఉక్కు అక్కడ 300 డిగ్రీల దాకా కాలిందని అర్థం. కమ్మరి ఎంతో జాగ్రత్తగా కాల్చి, ముంచి పెట్టిన పదును (ఉక్కు గట్టిదనం) పావు నిమిషంలో నేనే మార్చేశా. ఈ ముఖాన్ని చూస్తే కనపడేది తాతయ్య కత్తి కాదు, నా గ్రైండరు చేసిన పని.

పక్క షాపులో కూలెంట్ పోసే కటింగ్ మిషన్ ఉంది. పాడైన చోటు నుంచి 8 మిల్లీమీటర్లు లోపలికి జరిగి, సన్న చక్రంతో, నీళ్లు ధారగా పోస్తూ, మెల్లగా కోయించా. ఆరు మిల్లీమీటర్ల ముక్క వచ్చింది. ఏ రంగూ తిరగలేదు, వేలు పెడితే చల్లగా ఉంది. ఆ షాపాయన డబ్బులు వద్దన్నాడు కానీ, "ఈ గోరంత ముక్కకి ఇంత హంగామానా" అని టీ తాగినంతసేపూ నవ్వాడు.

జూన్ 11, బుధవారం

కత్తి ముక్క ఒక్కటే ఉంది. ప్రయోగాలు దాని మీద చెయ్యలేను. చెయ్యి తిరగడానికి మేడ మీద మిగిలిపోయిన 12 ఎమ్మెమ్ టీఎంటీ కడ్డీ నుంచి నాలుగు బిళ్లలు కోశా. బావగారి సలహానే ఇది. "అందులో ఏం కనపడాలో ముందే తెలుసు. కనపడకపోతే తప్పు నీదే అని కూడా తెలుస్తుంది" అన్నారు.

కనపడాల్సింది ఇదీ. కడ్డీ రోలింగ్ మిల్లు నుంచి ఎర్రగా వస్తుండగానే దాన్ని నీటి జల్లుల్లోంచి పంపుతారు. పైపొర ఒక్కసారిగా చల్లారి మార్టెన్‌సైట్ అనే గట్టి రూపానికి మారుతుంది. లోపలి భాగం ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ వేడి బయటికి పాకి, పైపొరలో పెళుసుదనాన్ని కాస్త తగ్గిస్తుంది. నడిమి భాగం నింపాదిగా చల్లారి మెత్తగా, సాగేలా మిగులుతుంది. అడ్డకోతను ఆమ్లంతో తడిపితే చుట్టూ ముదురు రంగు ఉంగరం, మధ్యలో లేత రంగు రావాలి.

జూన్ 12, గురువారం

కుర్రాడి సలహా: "అన్నా, ఇంత కష్టం ఎందుకు? బఫ్ మీద పెడితే నిమిషంలో తళతళలాడుద్ది."

బఫ్ అంటే మెరుగుపెట్టే గుడ్డ చక్రం. ఒక బిళ్ల ఇచ్చా. నిజంగానే నిమిషంలో నా మీసం కనపడేంత మెరిసింది. రెండో బిళ్లను నేను వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) మీద చేత్తో రుద్దా. గంటసేపు రుద్దినా వాడి దానంత మెరవలేదు. వాడి ముఖంలో వెలుగు చూడాలి.

జూన్ 14, శనివారం

రెండు బిళ్లలూ పట్టుకుని బావగారి ల్యాబ్‌కి వెళ్లా. ఇనుము, ఉక్కులకు వాడే ద్రావణం పేరు నైటాల్. 98 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో 2 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ ఆమ్లం. ఆమ్లాన్నే ఆల్కహాల్‌లోకి కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లం శాతం పెంచి కలిపి, మూత బిగించి బీరువాలో దాచారంటే ఎప్పుడో ఒకరోజు సీసా పేలుతుంది. నేను ఇంట్లో కలుపుతానని నోరు జారగానే బావగారు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఎచింగ్ (ఆమ్లంతో తడిపి లోపలి అమరికను బయటపెట్టడం) అంతా ల్యాబ్‌లోనే, గ్లవ్స్, కళ్లద్దాలతోనే అని ఒప్పందం.

దూదితో పది సెకన్లు తుడిచారు. బఫ్ కొట్టిన బిళ్ల మీద గీతలే గీతలు! లేనివి ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? బఫ్ వాటిని తియ్యలేదు. పైనున్న లోహాన్ని వెన్నలా పూసి కప్పేసింది. ఆమ్లం ఆ పూతను తినేయగానే కిందివన్నీ లేచి కూర్చున్నాయి. ఉంగరం కూడా అంచు దగ్గర అలుక్కుపోయింది. నా బిళ్ల మీద గీతలు లేవని కాదు, కానీ ఉంగరం గుండ్రంగా, స్పష్టంగా, మామూలు కంటికే కనపడింది. ఫోటో తీసి కుర్రాడికి పంపా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

జూన్ 15, ఆదివారం

ఇక కత్తి ముక్క. ఇంత చిన్నదాన్ని వేళ్లతో పట్టుకుని సమతలంగా అరగదీయడం అయ్యే పని కాదు. ప్లాస్టిక్‌లో పోతపోసి బిళ్లలా చెయ్యాలి. కాలేజీల్లో బేకలైట్ పొడిలో పెట్టి, వేడితో, ఒత్తిడితో బిగించే ప్రెస్ ఉంటుంది. అయితే దాని వేడి 150 డిగ్రీల పైమాటే. మొన్నటి నీలి రంగు తర్వాత నాకు వేడి అంటేనే టెన్షన్. అందుకని పళ్ల డాక్టర్లకు సామాన్లమ్మే షాపులో కోల్డ్ క్యూర్ ఆక్రిలిక్ కొన్నా. పొడి, ద్రవం కలిపితే పావుగంటలో రాయి అవుతుంది. ఒక అంగుళం పీవీసీ పైపు ముక్క లోపల వాజెలిన్ రాసి, గాజు మీద నిలబెట్టి, అడుగున కత్తి ముక్కను నిలువుగా పెట్టి పోశా. వాసన ఘోరం. అమ్మ వంటింటి తలుపు వేసుకుంది.

జూన్ 17, మంగళవారం

10 ఎమ్మెమ్ గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్లు చిలకరిస్తూ మొదలుపెట్టా. 120, 220, 400, 600, 1000. అంకె పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది. చెప్పడానికి ఐదు అంకెలే, చెయ్యడానికి రెండు సాయంత్రాలు.

పద్ధతి ఇది. 120 మీద ఒకే దిక్కున రుద్దుతాం, గీతలన్నీ ఒకే వైపు వస్తాయి. 220కి మారినప్పుడు బిళ్లను పావు చుట్టు తిప్పి పట్టుకోవాలి. కొత్త గీతలు పాతవాటికి అడ్డంగా పడతాయి కాబట్టి పాతవి ఇంకా మిగిలాయో లేదో తెలుస్తుంది. పాతవి ఒక్కటీ కనపడకుండా పోయాక ఆగకూడదు. అవి పోవడానికి ఎంతసేపు పట్టిందో మరో అంతసేపు రుద్దాలి. గీత కింద లోహం నలిగి ఉంటుంది, ఆ నలిగిన పొర గీతకంటే లోతు. గీత పోయినా అది ఉండిపోతుంది.

కాగితం మార్చిన ప్రతిసారీ బిళ్లనూ, చేతుల్నీ, గోళ్ల సందుల్నీ కడగాలి. నేను గోళ్లు మర్చిపోయా. 1000 మీద ఉండగా ఎక్కడిదో 120 గరుకు రవ్వ ఒకటి వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు నాగలి చాలు తీసింది. మళ్లీ 400 దగ్గరికి.

జూన్ 19, గురువారం

అచ్చుల పాలిషింగ్ చేసే మిత్రుడి దగ్గర డైమండ్ పేస్ట్ సిరంజిలు రెండు దొరికాయి. ఒకటి 3 మైక్రాన్లు, ఇంకోటి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు). గాజు మీద వెల్వెట్ గుడ్డ బిగించి, బియ్యపుగింజంత పేస్ట్, రెండు చుక్కల నూనె. ఒకే దిక్కున కాకుండా అంకె ఎనిమిది రాస్తున్నట్టు తిప్పాలి. ఒకే దిక్కున రుద్దితే లోహంలోని మలిన రేణువుల వెనక తోకచుక్కల్లా తోకలు వస్తాయి.

ఈ పనికి ఆద్యుడు హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఆయనది. రాళ్లను పల్చగా అరగదీసి మైక్రోస్కోపులో చూసే అలవాటున్న మనిషి, 1863లో అదే చూపును ఉక్కు మీదికి తిప్పాడు. డైమండ్ సిరంజీ లేదు, కరెంటు దీపమూ లేదు. ఆయన ఎన్ని సాయంత్రాలు రుద్ది ఉంటాడో ఇప్పుడు నా మోచెయ్యికి బాగా తెలుసు.

జూన్ 20, శుక్రవారం

ల్యాబ్‌కి వెళ్లేదాకా ఆగలేకపోయా. మేనకోడలి స్కూలు మైక్రోస్కోపు అడిగి తెచ్చా. దాంట్లో వెలుగు కిందనుంచి వస్తుంది. ఉల్లిపొరకైతే సరే, ఉక్కులోంచి వెలుగు ఎలా వస్తుంది? పైనుంచి పడాలి, పడి వెనక్కి రావాలి. సన్నటి కవర్ గ్లాసును లెన్సుకీ బిళ్లకీ మధ్య 45 డిగ్రీల వాలుగా మైనంతో నిలబెట్టి, పక్కనుంచి టార్చి కొట్టా. కొంత వెలుగు గాజు మీద పడి కిందికి మళ్లుతుంది, తిరిగొచ్చినదాంట్లో కొంత గాజులోంచి పైకి పోతుంది. 4ఎక్స్ లెన్సు కింద చోటు ఉంది కాబట్టి సరిపోయింది. 10ఎక్స్‌కి గాజు పట్టనే లేదు.

కంటి దగ్గరి లెన్సుతో కలిపి మొత్తం 40 రెట్లు. గీత కనపడింది!

అంచు నుంచి ఐదు మిల్లీమీటర్ల దూరంలో, ముక్కకు అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. గీతకు అటు ఒక వెలుగు, ఇటు ఒక వెలుగు. ఆకురాయి జారిపోయినదీ సరిగ్గా ఆ అంచువైపే. అమ్మను పిలిచా. ఆవిడ కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూసింది. "నే చెప్తే నమ్మావా?" అంది. రాత్రి ఫోన్లో పిన్నికీ, పెద్దమ్మకీ చెప్పేసింది.

జూన్ 21, శనివారం

ల్యాబ్. బావగారు బిళ్లను ల్యాబ్ మైక్రోస్కోపు కింద పెట్టి పది సెకన్లు చూసి, బిళ్ల ఉన్న మైక్రోస్కోపు బల్లను పక్కకి జరుపుతూ పోయారు. "నువ్వే చూడు, గీత ఎక్కడిదాకా పోతుందో."

గీత ఉక్కు దాటింది. పక్కనున్న గులాబీ రంగు ఆక్రిలిక్‌లోకీ పోయింది. బిళ్ల ఆ చివరిదాకా తిన్నగా సాగింది.

ఏ కమ్మరీ ప్లాస్టిక్‌కు ఉక్కు అతకడు. అది నేను రుద్దేటప్పుడు చెయ్యి ఊగి పడిన మడత. బిళ్లను అటు ఒకసారి, ఇటు ఒకసారి వంచి రుద్దడంతో ముఖం ఒకే తలంగా లేదు, ఇంటి కప్పులాగా రెండు వాలులుగా తయారైంది. ఆ రెండు వాలులూ కలిసిన కొప్పే నా అతుకు.

ఇంకో సంగతి కూడా చూపించారు. ఆక్రిలిక్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. దానికీ ఉక్కుకీ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలింది. ఎచింగ్ చేస్తే ఆమ్లం ఆ సందులో చేరి, ఆరబెట్టాక మెల్లగా బయటికి ఊరి మరకలు పెడుతుంది. పైగా ప్లాస్టిక్ మెత్తన, తొందరగా అరుగుతుంది. ఆసరా లేక ఉక్కు అంచు గుండ్రబడిపోతుంది. నాకు కావాల్సిందే ఆ అంచు!

ఇంటికొచ్చాక అమ్మకు చెప్పలేదు. పిన్నికి చెప్పింది కదా, ఇప్పుడెలా చెప్పను?

జూన్ 22, ఆదివారం

బిళ్ల పగలగొట్టా. ముక్కను స్పిరిట్‌తో కడిగి, రెండు పక్కలా రెండు ఉక్కు రేకులు ఆనించి దారంతో కట్టా. అంచు గుండ్రబడాల్సి వస్తే ముందు ఆ రేకులు అరగాలి. ఈసారి ఎపాక్సీ. పావుగంట రకం తేలేదు, రాత్రంతా పట్టే రకమే తెచ్చా. అది అంతగా కుంచించదు. గాలి బుడగలు రాకుండా అంచు వెంబడి సన్నగా పోశా.

జూన్ 24, మంగళవారం

మళ్లీ 120 నుంచి. ఈసారి లేత్ మీద ఒక ఇత్తడి ఉంగరం తీశా. బిళ్లను దాంట్లో దూర్చి, ఉంగరాన్ని రెండు చేతులతో పట్టుకుని రుద్దితే బిళ్ల ఊగదు. రోజూ ఇలాంటివి పదిమందికి చేసిపెడతా, నా పనికి ఒకటి చేసుకోవాలని మొదటిరోజే ఎందుకు తట్టలేదో.

వాలు ఉందో లేదో తెలియడానికి ఒక చిట్కా పట్టుకున్నా. కాగితం మార్చేముందు ముఖం మీద మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, నాలుగుసార్లు రుద్ది చూడాలి. సిరా అన్నిచోట్లా ఒకేలా పోతే తలం ఒక్కటే. ఒకపక్క మిగిలిపోతే అక్కడ వాలు ఉన్నట్టు.

జూన్ 26, గురువారం

1 మైక్రాన్ దగ్గర ముగించా. కుళాయి నీళ్లతో కడిగితే ఆరాక తెల్ల మరకలు. మన నీళ్ల సంగతి తెలిసిందే. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, స్పిరిట్ పోసి, బిళ్లను ఏటవాలుగా పట్టుకుని హెయిర్ డ్రయర్ చల్లగాలి కొట్టా. చుక్క ఒక్కటి కూడా నిలవలేదు. దూదిలో చుట్టి డబ్బాలో పెట్టా. ముఖం మీద వేలు పడకూడదు. పడితే వేలిముద్ర కూడా ఎచింగ్‌లో అచ్చు పడుతుంది.

జూన్ 28, శనివారం

ముందు నైటాల్ పెట్టకుండా చూశాం. అతుకు చూసే పద్ధతి ఇదేనట. కొలిమిలో ఎంత నేర్పుగా అతికినా, రెండు ముఖాల మధ్య కిట్టపు (కొలిమిలో మిగిలే మడ్డి) రేణువులు, ఆక్సైడ్ వరసగా చిక్కుకుంటాయి. పాత కొలిమి ఇనుమైతే ఒళ్లంతా నల్లటి కిట్టపు చారలే ఉంటాయి. ఎచింగ్ అక్కర్లేకుండానే అవి నల్ల చుక్కల్లా కనపడాలి. అంచు నుంచి వీపుదాకా ఒక్కో చూపు జరుపుతూ వెళ్లాం. అక్కడక్కడా ఒకటీ రెండు చుక్కలు తప్ప వరస లేదు, చారలూ లేవు.

తర్వాత నైటాల్, ఎనిమిది సెకన్లు. అద్దంలా ఉన్న ముఖానికి మంచు పట్టినట్టయింది. వెంటనే కడిగి, ఆరబెట్టి చూస్తే మామూలు కంటికే రెండు రంగులు. అంచు వైపు ముదురు బూడిద, వీపు వైపు కాస్త లేత. మధ్యలో గీత లేదు. సాయంత్రం చీకటి పడ్డట్టు ఒకటి ఇంకోదాంట్లోకి కరిగిపోయింది.

400 రెట్లలో వీపు వైపు దాదాపు అంతా పెర్లైట్, ఆ గింజల చుట్టూ సన్నటి తెల్ల వలలాగా ఫెర్రైట్, అంటే కార్బన్ దాదాపు లేని ఇనుము. పెర్లైట్ అంటే కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం), ఫెర్రైట్ పొరలు పుస్తకం పేజీల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చిన అమరిక. ఎచింగ్ అయ్యాక ఆల్చిప్ప లోపలి ముత్యపు మెరుపులా కనపడుతుందని సోర్బీ అన్నాడు, పేరు అలా స్థిరపడింది. నాకు ఆ మెరుపు ఒక మూల లీలగా తోచింది. బావగారు "అది నీ అభిమానం" అన్నారు. అంచు వైపు పేజీలు లేవు. సూదులు కలగాపులగంగా పోసినట్టుంది. మార్టెన్‌సైట్, కాస్త వేడి చూపి పెళుసు తగ్గించినది. టీఎంటీ ఉంగరంలో చూసినదే.

అంటే కత్తి మొత్తం ఒకటే ఉక్కు. వీపులో అంత పెర్లైట్ ఉందంటే కార్బన్ దండిగా ఉన్నట్టే, అంటే అదీ ఉక్కే, అతకడానికి వాడే మెత్తటి ఇనుము ఎక్కడా లేదు. లారీ కమాన్ పట్టీ అయి ఉంటుందని నా అనుమానం, ఆ మందం అలాంటిది. కమ్మరి కత్తి అంతా కాల్చి అంచు మాత్రమే నీళ్లలో ముంచాడు. వీపు గాలికి చల్లారింది. ఆకురాయి ఒకవైపు జారి, ఒకవైపు పట్టడానికి కారణం ఇదే.

రెండు పక్కలా పైపైన ఒక మిల్లీమీటరులో పదోవంతు మందాన తెల్లటి ఫెర్రైట్ పొర కూడా ఉంది. కొలిమిలో కాలేటప్పుడు పైనున్న కార్బన్ గాలికి పోయిన చోటు అది. కోసే అంచు మీద మాత్రం అది లేదు. 60 ఏళ్ల సాన అక్కడ దాన్ని ఎప్పుడో తినేసింది. కొత్తలో ఈ కత్తి తెగేది కాదని, వాడగా వాడగా దారికొచ్చిందని అమ్మమ్మ అనేదట. ఈ సంగతి అమ్మ రాత్రి చెప్పింది, నేను అడగకుండానే.

జూలై 1, మంగళవారం

అమ్మకు మొత్తం చెప్పా. అతుకు లేదని, మొన్న చూపించిన గీత నా చేతి ఊపు అని.

"అయితే మీ తాతయ్య అబద్ధం చెప్పాడంటావా?"

"తాతయ్యకు కమ్మరి ఏం చెప్పాడో! అంచుకు ఉక్కు పెట్టానని అని ఉంటాడు. పదును పెట్టడాన్నే అలా అన్నాడేమో."

కాసేపు ఆలోచించింది. "మరి పిన్నికి నువ్వే చెప్పు" అంది.

జూలై 6, ఆదివారం

కత్తి కొసను నీళ్లలో ముంచుతూ మెల్లగా సాన పట్టి గుండ్రం చేశా. కొత్త టేకు పీట. కోరు లేదు, కొబ్బరికి వేరేది కొన్నాం.

కొత్త స్టెయిన్‌లెస్ కత్తిపీట నుంచి కూడా ఒక ముక్క కోసి, ఎపాక్సీలో పోసి, 1 మైక్రాన్ దాకా తెచ్చా. ఈసారి మొత్తం మూడు సాయంత్రాలే పట్టింది. నిన్న ల్యాబ్‌లో నైటాల్ పెట్టాం. పది సెకన్లు, ముప్పై, నిమిషం. ఏమీ మారలేదు, నా మీసం అలాగే కనపడుతోంది. అయస్కాంతం పట్టుకుంటోంది కదా, మామూలు ఉక్కులాగే దీన్నీ ఆమ్లం తింటుందనుకున్నా. క్రోమియం ఇంత దండిగా ఉన్నదానికి నైటాల్ ఆనదట. ఆక్సాలిక్ ఆమ్లం, 6 వోల్టుల కరెంటుతో చెయ్యాలన్నారు బావగారు. వచ్చే శనివారం ల్యాబ్ ఖాళీ లేదు, ఆ పై శనివారం.